ఫ్లోరిడాలో అంత భారీగా గెలిచిన డిశాంటిస్ ప్రైమరీలో ఎందుకు నిలవలేకపోయారు?

రాన్ డిశాంటిస్ 2022 నవంబరులో దాదాపు 19 పాయింట్ల తేడాతో మళ్లీ ఫ్లోరిడా గవర్నర్ అయ్యారు. 2024లో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ ప్రైమరీలో మాత్రం మొదట ఓటేసిన రాష్ట్రం అయోవా దాటి ముందుకు వెళ్లలేదు.

గవర్నర్ ఎన్నికలో అందరి ఓట్లూ లెక్కకొస్తాయి, ప్రైమరీలో ప్రధానంగా పార్టీ అభిమానులవే. వాళ్లకు డిశాంటిస్ నచ్చారు, ట్రంప్ ఇంకా ఎక్కువ నచ్చారు. అసలు చిక్కు ఇదే. ట్రంప్‌ను గట్టిగా విమర్శిస్తే కన్సర్వేటివ్ ఓటరు దూరమవుతాడు. విమర్శించకపోతే ఆయన్ను వదిలి ఈయనకు ఓటెయ్యడానికి కారణమే ఉండదు. 2023 మార్చిలో ట్రంప్‌పై న్యూయార్క్‌లో క్రిమినల్ అభియోగాలు రావడంతో సానుభూతి కూడా అటే మళ్లింది.

డబ్బుకు కొదవ లేదు, అది ఎక్కువగా సూపర్ ప్యాక్‌లో, అంటే అభ్యర్థికి మద్దతుగా విడిగా ఖర్చు పెట్టే సంస్థలో ఉండడమే ఇబ్బంది. 2024 ఎన్నికల నిబంధన ప్రకారం ఒక్క దాత ప్రైమరీకి అభ్యర్థి ఖాతాలో 3,300 డాలర్లకు మించి వెయ్యకూడదు. సూపర్ ప్యాక్‌కు ఆ పరిమితి లేదు, కానీ దాని ప్రకటనలను అభ్యర్థితో మాట్లాడుకుని నడపకూడదు. అలాంటి సంస్థకు డిశాంటిస్ ఇంటింటి ప్రచారం కూడా అప్పగించడం పెద్ద పొరపాటు.

అయోవాలో 99 కౌంటీలూ తిరిగారు, అక్కడి గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ మద్దతూ దక్కింది. 2024 జనవరి 15న ట్రంప్‌కు 51 శాతం, ఈయనకు 21 శాతం వచ్చాయి. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులైన డెలిగేట్లు అయోవాకు 40 మంది, వారిలో ఈయనకు దక్కింది 9 మంది; నామినేషన్‌కు దేశమంతా కలిపి కావాల్సింది 1,215. తర్వాతి రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ ఓటింగుకు రెండు రోజుల ముందు, జనవరి 21న తప్పుకున్నారు.

2028లో మళ్లీ దిగితే ఇంకో లోటు తోడవుతుంది: గవర్నర్ పదవి 2027 జనవరితో ముగుస్తుంది. చట్టాలు చేసి వార్తల్లో నిలిచే అవకాశం అప్పటికి ఉండదు.