“నీ పొలం తడిసిందా?”

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు, మా ఆవిడకు 25. మాది సొంత సేద్యం, ఎనిమిది పశువులున్నాయి. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరం కలిసే చేసుకుంటున్నాం. కూలీల లెక్కలు, విత్తనాలు, ఎరువుల కొనుగోళ్ళు, పాడి పని అంతా తన చేతి మీదే నడిచేది. మూడు నెలల కిందట పాప పుట్టింది. అప్పటి నుంచి నేను పొలంలో, తను ఇంట్లో. మా అమ్మ మాతోనే ఉంటుంది కానీ మోకాళ్ళ నొప్పులు, పాపను ఎక్కువసేపు ఎత్తుకోలేదు. నెల రోజులుగా మా ఆవిడ సరిగా తినడం లేదు, మాట్లాడటం లేదు. పాప నిద్రపోయినా తనకు నిద్ర రావడం లేదు. అమ్మేమో “మేం పెంచలేదా?” అంటుంది. మొన్న రాత్రి రెండింటికి నీళ్ళు కట్టి ఇంటికొచ్చాను. లైటు వేసి లేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నన్ను చూసి “నీ పొలం తడిసిందా?” అంది. కోపంగా అన్నా బాగుండేది. కోపం కూడా లేదు ఆ గొంతులో. ఇంకో మూడు వారాల్లో కోతలు. పొలం వదిలితే తినేదెలా? ఇల్లు వదిలితే తనేమైపోతుందోనని భయంగా ఉంది.

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివాక నా చెవిలో ఇంకా వినబడుతున్నది ఆ ఒక్క మాటే. “నీ పొలం.” మొన్నటిదాకా ఆమె కూడా దాన్ని “మన పొలం” అనే అని ఉంటుంది. ఆ మాట మీకు గుచ్చుకుంది, అర్ధరాత్రి చీకట్లో ఆమె ముఖాన్ని చూశారు, కూర్చుని ఇంత ఉత్తరం రాశారు. నాకు ధైర్యమిస్తున్నది అదే.

ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. అంతకంటే ముందు ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. కాన్పయిన రెండు మూడు రోజులకు ఏడుపు రావడం, చిరాకు, గుబులు చాలామంది తల్లులకు ఉంటాయి. రెండు వారాల్లో అవి వాటంతటవే తగ్గిపోతాయి. మీ ఆవిడది అలాంటిది కాదు. మూడో నెలలో, నెల రోజులుగా తిండి సహించక, బిడ్డ పడుకున్నా కంటి మీద కునుకు రాక, మాట తగ్గిపోయిందంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఉత్తరం చూసి జబ్బు తేల్చడం నా పని కాదు, డాక్టరు చూడాలి. రక్తం తక్కువైనా, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే నీరసించిపోతుంది కాబట్టి ఆ పరీక్షలూ చేయించమని అడగండి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళి అని ఒకటుంది. పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజులు మనసు ఎలా ఉందో అడుగుతాయి. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మందులు అవసరమైతే, పాలిచ్చే తల్లి వేసుకోదగ్గవి ఉన్నాయి. బిడ్డకు పాలిస్తోందని డాక్టరుకు ముందే చెప్పండి చాలు.

ఆ పది ప్రశ్నల్లో చివరిది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. ఆ ప్రశ్న మీరూ అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను ఒంటరిగా మోయక్కర్లేదని ఆమెకు తెలుస్తుంది. పక్కన కూర్చుని మెల్లగా, సూటిగా అడగండి. ఆమె ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా, ఇంట్లోనూ కొట్టంలోనూ ఉన్న పురుగుమందులన్నీ ఇవాళే తీసి వేరే చోట పెట్టి తాళం వేయండి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. రైతు ఇంట్లో ఆ సీసా చేతికందేంత దూరంలో ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అలాంటి ఆలోచన ఉందని ఆమె అన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, బిడ్డ గురించి పొంతన లేని భయాలు చెప్పినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా ఆమెను, పాపను ఒంటరిగా వదలకూడదు. కోతలు ఆగినా సరే.

ఇప్పుడు “నీ పొలం” సంగతి. కొత్తగా తల్లయిన ఆమెకు పని ఎక్కువైందనే అందరూ అనుకుంటారు. అది నిజమే. కానీ మీ ఆవిడ విషయంలో ఆమె చేతిలోంచి పోయిన పని కూడా ఉంది. నాలుగు లెక్కలు చూసి, బేరమాడి, ఏ పశువు మేత ముట్టలేదో చూడగానే చెప్పే మనిషి ఆమె. పాప పుట్టిన రోజు నుంచి ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగడం లేదు. విశ్రాంతి కోసమేనని మీరు అనుకుని ఉంటారు, నిజంగా ప్రేమతోనే. అయితే అన్నీ మీరే చూసుకోవడం మొదలుపెట్టేసరికి ఆమెకు పొలంలో చోటు లేకుండా పోయింది, మీకు పాప దగ్గర చోటు లేకుండా పోయింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్ళయ్యారు.

కాబట్టి “ఆమెకు కాస్త సాయం చేయండి” అని నేను చెప్పను. సాయం అంటే పని ఆమెదని ఒప్పుకున్నట్టే. పాలివ్వడం ఒక్కటి తప్ప బిడ్డ పని ఏదైనా తండ్రి చేయగలడు. పశువులకు నీళ్ళు పెట్టే వేళ ఎలా తప్పదో, పాప వేళ కూడా మీకు అలాగే తప్పకూడదు. పొద్దున పొలానికి వెళ్ళే ముందు ఒక గంట, సాయంత్రం స్నానం చేశాక రెండు గంటలు పాప బాధ్యత పూర్తిగా మీది. ఆ గంటల్లో ఆమెను పిలవకండి. ఏడిస్తే మీరే ఎత్తుకోండి. మొదటి వారం పాప మీ చేతిలో ఎక్కువగానే ఏడవచ్చు. చేయి అలవాటయ్యేదాకా అంతే.

మీ అమ్మగారి మాటకు కోపం తెచ్చుకోకండి. ఆమె కాలంలో ఆమెను కూడా ఎవరూ “ఎలా ఉన్నావు?” అని అడిగి ఉండరు. “మేం పెంచలేదా?” అనే మాట వెనక తరచుగా ఆ పాత నొప్పే ఉంటుంది. ఒకసారి కూర్చోబెట్టి “నేను పుట్టినప్పుడు నీకెలా గడిచిందమ్మా?” అని అడిగి చూడండి. ఆ తర్వాత మెల్లగా చెప్పండి, కోడలి ముందు ఆ మాట అనొద్దని. అది కోడలు చెప్పాల్సిన మాట కాదు, కొడుకు చెప్పాల్సిందే. ఎత్తుకోలేకపోయినా పక్కన కూర్చుని పాపతో కబుర్లు చెప్పడం, ఆడించడం ఆమె చేయగలరు.

రాత్రి నిద్ర గురించి. ఆమెకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర దొరకాలి. మనసు కుదుటపడటానికి అది మందులా పనిచేస్తుంది. పడుకునే ముందు పాలు పిండి పెడితే మధ్యలో ఒకసారి మీరు పట్టవచ్చు. శుభ్రమైన మూత గిన్నెలో, 25 డిగ్రీలు మించని గదిలో ఆ పాలు నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. ఎండాకాలపు గదిలో అంతసేపు నమ్మొద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండల్లో అయినా సరే. మీకు నీళ్ళ వంతు లేని రాత్రులను ముందే గుర్తు పెట్టుకోండి. అవి ఆమె నిద్ర రాత్రులు.

కోతల సమయానికి ఒక మనిషిని అదనంగా పెట్టుకోండి. పాప కోసం కాదు, పొలంలో మీ బదులు. మీరు ఆ రెండు మూడు గంటలు ఇంట్లో ఉండటానికి. ఉద్యోగం చేసే తల్లికి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒప్పందం చెబుతుంది. సొంత సేద్యం చేసుకునే ఆమెకు సెలవిచ్చే యజమాని ఎవరు? ఫ్రాన్స్‌లో రైతు మహిళ ప్రసవిస్తే ఆమె పనులకు మరో మనిషిని పెట్టుకునే ఖర్చును రైతుల సామాజిక భద్రతా వ్యవస్థ భరిస్తుంది. అలాంటి ఏర్పాటు లేనిచోట ఆ సెలవు ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి. ఆ కూలిని సాగు ఖర్చుల కింద రాసుకోండి. ఎనిమిది పశువుల్లో ఒకటి రెండు ఈ ఏడాదికి తగ్గించుకోగలరేమో కూడా ఆలోచించండి. అయితే ఏవి ఉంచాలో, ఏవి అమ్మాలో ఆమెనే అడగండి. ఇప్పుడే కాదు, డాక్టరును చూసి, కాస్త నిద్ర పట్టాక. ఏ పశువు సంగతి ఏమిటో ఆమెకు తెలిసినంత మీకు తెలియదు.

చుట్టుపక్కల చిన్నపిల్లలున్న రైతు కుటుంబం ఇంకోటి తప్పకుండా ఉంటుంది. పొలం పనుల్లో ఒకరికొకరు బదులు వెళ్ళినట్టే పిల్లల విషయంలోనూ మాట్లాడుకోండి. ఈ పూట ఆ ఇంటి తల్లి ఇద్దరు పిల్లలనూ చూస్తే రేపు మీ ఇంట్లో. మీ ఆవిడకు తన ఈడు తల్లి ఒకరితో అరగంట మాట్లాడే వీలు దొరుకుతుంది, అదీ ముఖ్యమే.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పి తీరాలి. పొలంలో పురుగుమందు కొట్టిన రోజు ఆ బట్టలు బయటే విప్పి, స్నానం చేశాకే పాపను తాకండి. ఆ బట్టలు పాప బట్టలతో కలిపి ఉతకొద్దు. రెండోది ట్రాక్టరు. ముచ్చటపడి ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, ఇప్పుడే కాదు, పెద్దయ్యాక కూడా. సేద్యం ఇళ్ళల్లో చిన్నపిల్లల ప్రాణాలు తీస్తున్నవాటిలో ట్రాక్టర్లు, నీటి గుంటలు ముందుంటాయి. ఇంకో నాలుగైదు నెలల్లో పాప పాకుతుంది. ఈలోగా నీళ్ళ తొట్టికి మూత, బావి చుట్టూ కంచె వేయించండి.

మీ సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. తండ్రులకూ డిప్రెషన్ వస్తుంది. మీకు కూడా నిద్ర పట్టక, చేసే పని మీద ధ్యాస నిలవకపోతే అదే డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడొద్దు.

ఈ సాయంత్రం త్వరగా ఇంటికి వెళ్ళండి. కాళ్ళు కడుక్కుని ఆమె పక్కన కూర్చుని, “ఆ రాత్రి నువ్వడిగిన మాట నాకు మనసులోంచి పోవడం లేదు, నువ్వు ఎలా ఉన్నావో చెప్పు” అనండి. జవాబు రాకపోతే తొందర చేయకండి. పాపను తీసుకుని బయట వరండాలోకి వెళ్ళండి, ఆమె పడుకోనీ. రేపు పొద్దున ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ఏం చెప్పారో నాకు రాయండి, ఎదురు చూస్తుంటాను.