అల్యూమినియం పడవ కొన్న మేనకోడలికి

అమ్మలూ,

గాజువాక స్క్రాపు కొట్టులో పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం పడవ కొన్నావని మొన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. "దానికి నువ్వైనా చెప్పరా" అంది. వద్దని చెప్పమందో, జాగ్రత్త చెప్పమందో తనకే తెలిసినట్టు లేదు. నాకైతే ముందు గర్వమే కలిగింది. బావ పోయాక మన ఇంట్లో మళ్ళీ ఒక పడవ ఉంటుందని నేను అనుకోలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను, అది మాత్రం నెమ్మదిగా చదువు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. రివెట్లతో కట్టిన పడవ. వెనక ఇంజన్ బిగించే చెక్క నల్లబడింది. దాన్ని సుత్తితో తట్టి చూడు. మొద్దు శబ్దం వస్తే లోపల కుళ్ళినట్టే, మొత్తం తీసెయ్యాలి. రేకు మీద ఎక్కడైనా 5052, 5083, 5086 లాంటి అంకె ఉంటే ఫోటో తీసి పంపు. ఇవి మెగ్నీషియం కలిసిన రకాలు, ఉప్పునీటికి తట్టుకుంటాయి.

మంచినీళ్లతో కడిగి పాత రంగు తీసెయ్యి. కాస్టిక్ సోడా కలిసిన రిమూవర్ వాడకు, అది అల్యూమినియాన్నే తినేస్తుంది. ఇనుప బ్రష్షు, ఇనుప పీచు తాకించొద్దు. ఆ ఇనుము రేణువులు రేకులో దిగబడి తరవాత తుప్పు మరకలు తేలతాయి. కొత్త స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్షు ఒకటి కొని, దీనికోసమే దాచుకో.

ఎక్కడ కారుతోందో తెలియాలంటే పడవని నీళ్లలోకి దింపక్కర్లేదు. పొడవునా కింద దుంగలు పెట్టి, లోపల బెత్తెడు ఎత్తు నీళ్లు పొయ్యి. బయట తడి కనిపించిన ప్రతిచోటా మార్కర్‌తో గుర్తు పెట్టు. బెత్తెడే అన్నాను, గుర్తుపెట్టుకో. ఆ కాస్త నీళ్లే మూడొందల కిలోల దాకా తూగుతాయి. వదులైన రివెట్లు తీసి, సీలెంట్ పెట్టి, నీళ్లు చొరని క్లోజ్డ్ ఎండ్ రకం వేయించు.

వెల్డింగ్ పని నువ్వు పెట్టుకోకు. నువ్వు డిప్లొమా చదివావు, తెలివైనదానివి, కాదనను. అయినా వద్దు. ఈ లోహం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, దాని మీదుండే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. ఇనుములాగా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు. చూస్తుండగానే కన్నం పడుతుంది. షిప్‌యార్డులో చేరిన కొత్తలో అందరం ఎన్నో ముక్కలు పాడుచేసి నేర్చుకున్నవాళ్ళమే. ఆటోనగర్‌లో అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో చేసేది) చేసేవాళ్ళున్నారు. ఏసీ కరెంటు, ఆర్గాన్ గ్యాసు వాడుతున్నారా అని అడుగు. నీకు నేర్చుకోవాలని ఉంటే మల్కాపురం రా. తుక్కు రేకుల మీద నేనే చేయి పట్టుకుని నేర్పిస్తాను, నాకూ సంతోషం.

ఇప్పుడు మీ నాన్న పడవ సంగతి. ఇంజన్ ఆగిపోయి ఒక పూట సముద్రంలో ఇబ్బంది పడ్డారనే అక్కకి తెలుసు. అంతకన్నా ఎక్కువే జరిగింది. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. అక్కకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

నువ్వు పుట్టకముందు బావ, ఆయన స్నేహితుడు కలిసి ఒక అల్యూమినియం పడవని వేలంలో కొన్నారు. జాలరిపేటలో అప్పట్లో చెక్క నావలు, తెప్పలే. దీన్ని ఇద్దరు మనుషులు ఇసుక మీద లాగేస్తుంటే చూడ్డానికి పిల్లలు చేరేవారు. చెక్క నావల అడుగున గుల్లలు, నాచు పట్టకుండా రాగి కలిసిన ఎర్ర రంగు వేస్తారు. చెక్కకి అది మంచి మందు. బావ అదే రంగు తెచ్చి ఈ పడవకి రెండు పూతలు వేశాడు. నేనప్పుడు పనిమీద ముంబైలో ఉన్నాను. పడవ ఫోటో తీయించి నాకు పోస్టులో పంపాడు, అంత మురిపెం ఆయనకి.

ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. గాలి తగలగానే ఈ లోహం తనమీద ఒక సన్నని పొర అల్లుకుని తనను తానే కాపాడుకుంటుంది. కానీ పక్కన రాగి, చుట్టూ ఉప్పు ఉంటే ఆ పొర నిలవదు. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే అడుగున చుక్కలు చుక్కలుగా గుంటలు పడడం మీ అమ్మ వంటింట్లో చూసే ఉంటావు. పడవకీ అలాగే జరిగింది. ఎర్ర రంగు వెయ్యకముందే, ఇసుక మీద లాగినచోటల్లా రేకుకున్న ప్రైమర్, అంటే అడుగు పూత, గీసుకుపోయి రేకుకీ రాగికీ మధ్య ఏ అడ్డూ లేకుండా పోయింది. పైన ఎర్ర రంగు నున్నగానే ఉంది కాబట్టి కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనపడలేదు.

అదొక్కటే అయితే నీళ్లు కారేవి, తోడుకుంటూ ఒడ్డుకి వచ్చేసేవాళ్ళు. రెండో పని ఇంకోటి చేశాడు. నీళ్లు నిండినా పడవని తేల్చడానికి బల్లల కింద ఉన్న పాత ఫోమ్ నీళ్లు తాగి వాసన వస్తోందని తీసి పారేశాడు. తరవాత కొత్తది పెడదామనుకున్నాడు. ఆ ఖాళీలో ఐసు పెట్టె బాగా పట్టింది. కొత్త ఫోమ్ ఇక రాలేదు.

ఆ రోజు రుషికొండ దాటి వెళ్ళారు. కోనెం చేప పడుతోందని ధ్యాసంతా వల మీదే. అడుగున చెక్క పలకలు పరిచి ఉన్నాయి, వాటి కింద నీళ్లు చేరుతున్న సంగతి కాళ్ళకి తడి తగిలేదాకా తెలియలేదు. అప్పటికే వెనకవైపు బరువెక్కింది. ఒక కెరటం వెనకనుంచి లోపలికి పడింది, ఇంజన్ ఆగింది. రెండో కెరటానికి వెనక భాగం పూర్తిగా మునిగింది. ముందు అరలో చిక్కుకున్న గాలివల్ల ముక్కు మాత్రం పైకి తేలి ఉంది. దాన్ని పట్టుకుందామంటే చేతికి దొరికే అంచు లేదు. ఇద్దరూ ఖాళీ కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని వేలాడారు. మంగమారిపేట వాళ్ళు చూసి లాక్కొచ్చేసరికి బావ వేళ్లు డబ్బా పిడికి బిగుసుకుపోయి విడదీస్తే గాని రాలేదట.

నేను వచ్చేసరికి పడవ ఇసుక మీద బోర్లా పడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే ఎర్ర రంగు కింద తెల్లటి పొడి రాలింది, పొడి కింద గుంటలు. ఒకచోట కాస్త నొక్కితే కొన అటువైపు తేలింది. అన్నీ సూది దూరేంత కన్నాలే, లెక్కపెట్టలేనన్ని. బావ పక్కనే నిలబడి చూశాడు, ఒక్క మాటా అనలేదు. చెక్క గురించి ఆయనకి తెలిసినంత నాకు ఈనాటికీ తెలియదు. ఆ తెలిసినదే దీనికీ సరిపోతుందనుకున్నాడు, అంతే. ఆ తరవాత ఆయన వేటకి వెళ్ళలేదు. నిన్ను భుజాన ఎక్కించుకుని బీచికి తీసుకెళ్ళిన మనిషి నీళ్లలో మోకాలు దాటి దిగకపోవడం నీకు గుర్తుండే ఉంటుంది.

అందుకే ఈ రెండు విషయాల్లో నీతో గట్టిగా మాట్లాడతాను.

మొదటిది రాగి. పడవని ఇంటి ఆవరణలో పెట్టి, వెళ్ళినప్పుడే దింపుతానన్నావు కాబట్టి అడుగున గుల్లల మందు రంగు నీకు అసలు అవసరమే లేదు. శుభ్రం చేసి ఆరిన రేకుకి ఆలస్యం చేయకుండా రేకుని పట్టుకునే ఎచ్ ప్రైమర్, దానిమీద ఎపాక్సీ ప్రైమర్, పైన నీకు నచ్చిన రంగు. ఇత్తడి కుళాయి, ఇత్తడి కొక్కెం ఒక్కటి కూడా వద్దు. బోల్టులు 316 స్టెయిన్‌లెస్ వాడు, ప్రతి బోల్టు కింద నైలాన్ వాషరు ఉండాలి, కన్నంలో సీలెంట్ ఉండాలి. సీసపు గుళ్ళు అడుగున దొర్లనివ్వకు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. పడవకి పూజ చేస్తావు, చెయ్యి, నేనూ వస్తాను. కానీ రాగి చెంబు, నాణేలు అందులో వదిలెయ్యకు.

ప్లైవుడ్ విషయంలో చాలామంది పొరపడతారు. మెరైన్ ప్లైవుడ్ మంచిదని తెచ్చి నేరుగా రేకు మీద బిగిస్తారు. పురుగు పట్టకుండా దానికి పట్టించే మందుల్లో రాగి లవణాలు ఉంటాయి. తడి తగిలితే అవి రేకుమీదికి దిగుతాయి. కొట్టువాణ్ణి అడిగి కొను. ఏది కొన్నా అన్ని వైపులా, అంచులతో సహా, ఎపాక్సీ పట్టించి రేకుకీ చెక్కకీ మధ్య రబ్బరు షీటు వెయ్యి. వెనక ఇంజన్ చెక్కకీ ఇదే పద్ధతి.

పడవకి ఆనోడ్ బిగించు, అంటే రేకు బదులు తాను కరిగిపోయే లోహపు ముక్క. సముద్రానికి జింకు లేదా అల్యూమినియం ఆనోడ్, మెగ్నీషియం కాదు. దానిమీద రంగు వెయ్యకూడదు. లైట్లు, ఫిష్ ఫైండర్ పెట్టుకుంటానన్నావు. ప్రతి దానికీ రెండు తీగలు లాగు. ఒక తీగ మిగులుతుందని నెగటివ్‌ని పడవ రేకుకి కలపకు. అలా కలిపినవి కూడా రేకుని తినేస్తాయి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

రెండోది ఫోమ్. పడవ నిండా నీళ్లు చేరినా అది తేలాలి. మిగతా సోకులన్నీ దీని తరవాతే. లెక్క నువ్వే వేసుకో. రేకు పడవ 120 కిలోలనుకుందాం. సముద్రపు నీటిలో మునిగితే అల్యూమినియం బరువులో మూడోవంతుకి పైగా తగ్గుతుంది, 75 కిలోలు మిగులుతుంది. ఇంజన్ 40, బ్యాటరీ 20, లంగరు, పనిముట్లు 15. మొత్తం 150. ఒక లీటరు ఫోమ్ దాదాపు ఒక కిలోని తేలుస్తుంది. 150 లీటర్లకి పడవ నీటి మట్టంలో నిలుస్తుంది, అంతే. దాన్ని పట్టుకుని మనుషులు ఉండాలంటే 250 పెట్టు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న షీటు దాదాపు 38 లీటర్లు వస్తుంది. ఏడు షీట్లు కావాలి. సగానికి పైగా పక్క గోడల్లో, అంచుల కిందికి, వీలైనంత పైన బిగించు. అంతా అడుగున పెడితే నీళ్లు నిండినప్పుడు పడవ బోర్లా తిరుగుతుంది.

థర్మోకోల్ వద్దు. గింజల మధ్య నీళ్లు చేరతాయి, పెట్రోలు పడితే కరుగుతుంది. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ షీటు నీళ్లు తాగదు గాని పెట్రోలు దాన్నీ కరిగిస్తుంది. కాబట్టి ట్యాంకు చుట్టుపక్కల పాలిథీన్ ఫోమ్ వాడు. పోసి ఉబ్బించే రకం పెట్టావంటే రేకుకి అతుక్కుని తడిని పట్టి ఉంచుతుంది. వెల్డింగ్ అంతా అయ్యాకే ఫోమ్ లోపలికి వెళ్ళాలి, వెల్డింగ్ జరిగేటప్పుడు పెట్రోలు ట్యాంకు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకున్న రాత్రి మా మేడమీద నుంచి ఆ మంట చూశాను.

అడుగు పలకలు స్క్రూలతో బిగించెయ్యకు. వెనకవైపు చెయ్యి దూరేంత మూత ఒకటి పెట్టు, గంటకోసారి తెరిచి చూడు. ముందుభాగంలో నిలబడి గాలం వెయ్యడానికి ఎత్తు డెక్ కావాలన్నావు. రెండడుగుల ఎత్తు వద్దమ్మా. నీ బరువు పైకి పోయిన కొద్దీ పడవ నిలకడ పోతుంది. అంచుకన్నా బాగా కిందికే ఉంచు. బయటి అంచు చుట్టూ తాడు కట్టు, నీళ్లలో ఉన్న మనిషి చేతికి అందేలా.

పని తొందరపడి చెయ్యకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. మత్స్యశాఖలో రిజిస్ట్రేషన్, లైసెన్సు సంగతి ఈలోపు చూసుకో. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటిమీద వేసుకోవాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే కెరటాల సమాచారం చూడకుండా కదలకు. కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఫోన్‌లో పెట్టుకో, పడవ లోపల రంగుతో కూడా రాయించు. మొదటి ఏడాది భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ లోపలే తిరుగు. పండుగప్ప అక్కడా దొరుకుతుంది. మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాలంటే పోటు పాటు తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

సముద్రంలోకి దిగే ముందు పడవని ఒకసారి కావాలనే ముంచాలి. నడుము లోతు నీళ్లలో, ఇంజన్, బ్యాటరీ బదులు అంత బరువు ఇసుక బస్తాలు అవే చోట్ల పెట్టి, బిరడా తీసి నింపేద్దాం. వెనక భాగం కిందికి వెళ్తే ఇంకో షీటు, బోర్లా తిరగబోతే ఫోమ్ ఇంకాస్త పైకి. అది నేను లేకుండా చెయ్యొద్దు. ఆదివారం అయితే మీ తమ్ముణ్ణి కూడా రమ్మను, బస్తాలు మొయ్యడానికి.

ఫోమ్ కొనేముందు ఇంజన్ మీద రాసిన బరువు ఎంతో ఫోన్‌లో చెప్పు. సెకండ్ హ్యాండ్‌లో 9.9 హార్స్‌పవర్‌ది చూస్తున్నావని అక్క అంది. నలభై కిలోలు దాటితే పైన వేసిన లెక్క మారుతుంది.

మీ మావయ్య
మల్కాపురం