హెడ్‌ఫోన్స్‌లో బాగుండి హాల్లో చెడితే

మీ ట్రాక్ హెడ్‌ఫోన్స్‌లో బాగుండి హాల్లో ఎందుకు చెడిందని అడిగారు. లోపం మీ కిక్‌ది (బీట్ కొట్టే లోతైన డ్రమ్ దెబ్బ) కాదు, దాన్ని కప్పేస్తున్న డ్రోన్‌ది, అంటే ఆగకుండా సాగే హోరుది. ప్రయోగాత్మక సంగీతం నుంచి డాన్స్ వైపు మారుతూ పాత హోరంతా అలాగే ఉంచి, కింద బీట్ చేర్చారు. ఒంగోలు ఫంక్షన్ హాల్లో పెద్ద బాక్సుల మీద ఒకటే గుమ్మని మోగింది, ఎవరూ కాలు కదపలేదు అని మీరే రాశారు. గుర్తు అదే.

1. టెంపో నిమిషానికి 120 బీట్ల దగ్గర నిలకడగా ఉంచండి, ప్రతి బీట్‌కూ కిక్ పడాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. కిక్, బేస్ తప్ప మిగతా ప్రతి ట్రాక్‌కూ హై పాస్ ఫిల్టర్ (కింది స్థాయి శబ్దాన్ని తీసేసేది) పెట్టి 150 హెర్ట్జ్ కింద కోసేయండి. రివర్బ్ రిటర్న్‌కు (ప్రతిధ్వని వచ్చే ట్రాక్) కూడా. గాలి హోరు రికార్డింగులో బేస్ ఏముంటుందిలే అనుకుంటాం. ఎనలైజర్‌లో (ఏ స్థాయిలో ఎంత శబ్దం ఉందో చూపేది) చూస్తే 40–80 హెర్ట్జ్ మధ్య గుట్టలా కనబడుతుంది. ఒక్కో ట్రాక్‌నే సోలోలో వింటే శబ్దం పలచబడినట్టు ఉంటుంది, భయపడొద్దు. అన్నీ కలిపే వినండి.

3. బేస్‌కు సైడ్‌చెయిన్ కంప్రెసర్, ట్రిగర్ కిక్. అంటే కిక్ పడ్డప్పుడల్లా బేస్ కాస్త తగ్గి దారి ఇస్తుంది. 120లో బీట్‌కూ బీట్‌కూ మధ్య 500 మిల్లీసెకన్లు. రిలీజ్ (బేస్ మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి.

4. 100 హెర్ట్జ్ కింద అంతా మోనో (రెండు వైపులా ఒకటే శబ్దం).

ప్రయోగం పోతుందన్న టెన్షన్ వద్దు. 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో టేపు ముక్కలతో మొదలైన కాబరే వోల్టేర్ బ్యాండ్ 1980ల్లో డాన్స్ వైపు వచ్చినా రికార్డు చేసిన మాటల ముక్కలు వాడటం మానలేదు. (నాకు ఆ దశే ఎక్కువ ఇష్టం.)

ఈసారి ప్రోగ్రాంకు ముందే బాక్సులు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర ఒక సబ్ (లోతైన బేస్ వినిపించే పెద్ద బాక్సు) మీద వినండి. కిక్ విడిగా తెలియకపోతే మళ్లీ 2కే వెళ్లండి, 3తో కుస్తీ పట్టొద్దు.