ముసురు పట్టిన సాయంత్రం సముద్రాన్ని ఫొటో తీయడమెలా?

ప్రశ్న: తుఫాను మబ్బుల మధ్య సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుడి ఫొటోలు నెట్‌లో చూసినప్పుడల్లా నాకూ అలాంటిది ఒక్కటైనా తీయాలనిపిస్తుంది. వాన మబ్బు పట్టిన సాయంత్రాల్లో ఆర్‌కే బీచ్‌కు పోతున్నాను గానీ అంతా బూడిద రంగే వస్తోంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది సార్? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు దిక్కు సంగతి చూద్దామమ్మా. మీరు చూసిన ఫొటోల్లో చాలావరకు పడమటి తీరాలవై ఉంటాయి. గోవా, గోకర్ణ, వర్కల లాంటి చోట్ల సూర్యుడు అరేబియా సముద్రంలోకే దిగుతాడు. మనది తూర్పు తీరం, విశాఖలో పొద్దు కొండల వెనక్కి వాలుతుంది. సూర్యుడు నీళ్లలోకే దిగాలని పట్టుబడితే అంతర్వేది వెళ్లండి, అక్కడ వశిష్ఠ గోదావరి ఊరికి పడమటి వైపు ఉంటుంది కాబట్టి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది మీద పొద్దు వాలడం చూడొచ్చు. కానీ గాలివాన సాయంత్రాల్లో విశాఖ ఒడ్డున దొరికే బొమ్మ వేరు, నన్నడిగితే అది ఇంకా అందమైనది. పొద్దుకు వీపు పెట్టి సముద్రం వైపు చూడండి.

ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి తూర్పు కనుమల మీద ఉరుముల మబ్బులు కట్టి, సాయంత్రానికి ఈదురుగాలితో ఊరి మీదుగా సముద్రం మీదికి పోతుంటాయి. అంటే ముందు తెరిపి ఇచ్చేది పడమర. ఆ సందులోంచి ఏటవాలుగా వచ్చిన ఎర్రటి వెలుగు నేరుగా పోయి సముద్రం మీదున్న నల్లటి మబ్బుకు తగులుతుంది, కింద నీళ్లు సీసం రంగులో ఉంటే పైన మబ్బు అంచులు రాగి రంగుకు తిరుగుతాయి, విరిగే అల కొస మాత్రం లేత గులాబీగా మెరుస్తుంది. దూరంగా ఇంకా వాన పడుతుంటే ఇంద్రధనుస్సు కూడా వస్తుంది. పొద్దు ఎంత కిందికి దిగితే విల్లు అంత పైకి లేచి, అస్తమించే వేళకు దాదాపు అర్ధచక్రమవుతుంది. మీ లెన్స్‌లో అన్నిటికన్నా వెడల్పుగా చూపే 18 ఎంఎం దగ్గర కూడా అది మొత్తం పట్టదు. అందుకని ఒక కొస ఎంచుకుని, అది నీళ్లను తాకే చోట ఓ పడవో, బండరాయో ఉండేలా చూసుకోండి.

మీకు బూడిద రంగు రావడానికి కారణం, పడమర కూడా మూసుకుపోయిన రోజుల్లో వెళ్తున్నారు. బయల్దేరే ముందు మేడెక్కి పడమటి అంచున కాస్తయినా సందు ఉందేమో చూడండి, వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో విశాఖ డాప్లర్ రాడార్ చిత్రం చూస్తే వాన ఎటు కదులుతోందో కూడా తెలుస్తుంది. పొద్దు కనుమరుగయ్యాక వెంటనే కెమెరా సర్దేయకండి. పై ఎత్తున ఉన్న పల్చటి మబ్బులకు ఆ తర్వాత పది, పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ రంగు వస్తుంది.

సెట్టింగుల విషయానికొస్తే రా ఫార్మాట్ (కెమెరా పట్టిన వివరమంతా దాచే ఫైలు), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలన్న అంకె) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 లేదా 11. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఆ ఎరుపును కెమెరా తప్పనుకుని తగ్గించేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు అందాలన్నది, మబ్బులో బాగా వెలుగున్న చోటును బట్టి పెట్టుకోవాలి. నీడలు తర్వాత కొంత తేల్చుకోవచ్చు, తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని మాత్రం ఏం చేసినా వెనక్కి తేలేరు. అల రాతికి కొట్టుకుని ఎగిరే క్షణం కావాలంటే షట్టర్ వేగం 1/1000 సెకను ఉండాలి, వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచడానికి భయపడకండి. అల వెనక్కి జారేటప్పుడు నురుగు ఇసుక మీద గీసే గీతలు కావాలంటే అర సెకను చాలు, దానికి ట్రైపాడ్ తప్పదు. గాలికి అది వణక్కుండా కాళ్లను ఇసుకలోకి బాగా దించి, మధ్య కడ్డీ పైకి లేపకుండా వాడండి, కెమెరా బెల్టు తీసి జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గర ఫోనే ఉంది. దాంతో అవుతుందా? – ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: బ్రహ్మాండంగా అవుతుంది. మబ్బు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, అప్పుడు పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి లాగి కాస్త చీకటి చేయండి. జూమ్ జోలికి పోకండి. అన్నట్టు, జేబులోంచి తీశాక లెన్స్ తుడవండి, వేలిముద్ర జిడ్డుకు వెలుగంతా చెదిరిపోతుంది.

ప్రశ్న: తుఫాను వస్తోందంటే ఉప్పాడ వెళ్లి రోడ్డు మీదికి ఎగిరే అలల్ని తీయాలని స్నేహితులం అనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: తుఫాను తీరం దాటే రోజున వెళ్లకండి బాబూ. ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికే ఎంవీ మా అనే బంగ్లాదేశ్ నౌక లంగరు నిలవక విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి ఏపాటి? పైగా ఆ రోజు ఫొటోకీ పెద్దగా ఏమీ దొరకదు, ఆకాశమంతా ఒకే మందపు దుప్పటిలా మూసుకుపోయి ఉంటుంది. తుఫాను ఇంకా దూరాన ఉన్నప్పుడు, దానికి చాలా ముందుగానే ఈకల్లాంటి ఎత్తు మబ్బులు పరుచుకుంటాయి, సాయంత్రం అవి భగ్గుమంటాయి. అది మీ ఇంటి మేడ మీంచైనా తీయొచ్చు. తుఫాను వెళ్లిపోయి, హెచ్చరికలు ఎత్తేశాక గాలి కడిగినట్టుండే సాయంత్రాలు కూడా మంచివే.

మామూలు ముసురు రోజుల్లో వెళ్లినా కెమెరా తీయకముందు పావుగంట ఊరికే నిలబడి అలలు ఎంతవరకు వస్తున్నాయో చూడండి, చిన్న అలలు వరసగా వచ్చి వచ్చి మధ్యలో ఒక పెద్దది లోపలిదాకా వచ్చేస్తుంది. తడిసి నల్లగా ఉన్న రాయి మీద కాలు పెట్టొద్దు, పాచి ఉంటుంది. ఉరుము వినబడిందంటే పిడుగు మీదాకా వచ్చే దూరంలో ఉన్నట్టే, ట్రైపాడ్ మడిచి పక్కా భవనంలోకో, కారులోకో వెళ్లిపోండి, చెట్టు కిందికి మాత్రం వద్దు. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. లెన్స్ ముందు అద్దం మీది ఉప్పును పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, గుడ్డను కాస్త మంచినీళ్లతో తడిపి మెల్లగా అద్దితే ఉప్పు కరిగి వచ్చేస్తుంది.