కొబ్బరితోటలో వెదురు, మట్టి, తాటాకులతో రిసార్టు కట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి?

కోనసీమలో రెండెకరాల కొబ్బరితోటలో పర్యావరణానికి హాని లేని రిసార్టు కట్టదలచుకున్నామనీ, వెదురు, మట్టి, తాటాకులలో దేనిని ఎంచుకుంటే మంచిదనీ అడిగారు. పదార్థాన్ని ఆఖరున ఎంచుకోండి. దానిని అదను చూసి కొట్టి, నేసి, కొన్నేళ్ళకు విప్పి మళ్ళీ నేయగల మనిషి మీ తోటకు ఎంత దూరంలో ఉన్నాడో ముందుగా కనుక్కోండి. నేను సివిల్ ఇంజినీరును. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఒక తెల్ల దుప్పటి మీద రాలిన పిండిని చూశాక తెలిసింది.

2017లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి కొంత ఎడంగా ఉన్న ఒక జీడితోటలో మా బంధువొకరు ఐదు వెదురు కాటేజీలు కట్టించారు. నక్షాలు నేనే గీశాను కనుక ఆ తప్పులో సగం నాది. బాలి ద్వీపంలోని వెదురు కట్టడాల ఫొటోలను ఆయన ఫోనులో దాచుకుని, వంపులతో సహా అచ్చంగా అలాగే ఉండాలని పట్టుబట్టారు. అంత లావు బొంగులు మా వైపు దొరకవని ఈశాన్య రాష్ట్రాల నుంచి లారీలో తెప్పించారు. సంక్రాంతికి ప్రారంభోత్సవం కావాలన్న తొందరలో, వానాకాలంలో కొట్టిన పచ్చి బొంగులను శుద్ధి చేయించకుండానే వార్నిషు పూసి నిలబెట్టేశాం. వెయ్యి కిలోమీటర్లకు పైగా డీజిలు తాగి వచ్చిన ఆ వెదురును ఫలకం మీద 'సహజమైనది' అని రాయించుకోవడానికి మాలో ఎవరికీ సంకోచం కలగలేదు.

ఫిబ్రవరిలో ఆయన నుంచి ఫోను వచ్చింది. రాత్రిళ్ళు కప్పులో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్లు చప్పుడవుతోందనీ, బస చేసినవారు డబ్బు తిరిగి అడుగుతున్నారనీ చెప్పారు. మరునాడు తెల్లవారే సరికి నేను అక్కడున్నాను. ఖాళీగా ఉన్న కాటేజీలో మంచం మీద పరిచిన తెల్ల దుప్పటిపై, సరిగ్గా ఒక్కొక్క వాసానికి కిందుగా, లేత పసుపు రంగు పిండి ముగ్గుపోసినట్లు తిన్నని గీతలుగా రాలి ఉంది. వేళ్ళ మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. వాసాన్ని తట్టగానే, గుండుసూది గుచ్చినంత సన్నని రంధ్రాలలోంచి మరికాస్త పిండి నా భుజం మీద పడింది.

ఆ తోటకు కాపలా ఉండే తాత ఒకరు అప్పటి దాకా గుమ్మం దగ్గర మౌనంగా నిలబడి ఉన్నారు. "ఏ పచ్చంలో కొట్టించారు బాబూ?" అని ఆయన అడిగితే, వెదురు కొట్టిన పక్షం సంగతి అడుగుతున్నారని నాకు మొదట అర్థం కాలేదు. "ఇది ఎన్నెల్లో కొట్టిన ఎదురు. తీపి దిగనేదు, పురుగు తింటాది" అన్నారు. అమావాస్య వైపు కొడితే పుచ్చదన్న మాటను పరీక్షించి చూసే ఓపిక నాకు లేదు. అయితే ఆయన 'తీపి' అన్నది అక్షరాలా నిజం. పుచ్చు పురుగుకు కావలసింది వెదురులోని పిండిపదార్థమే. అందుకే మూడు నాలుగేళ్ళు ముదిరిన బొంగును వానలు వెనుకబట్టాక కొట్టాలి. తరువాత దానిని వారాల తరబడి నీటిలో నాననిచ్చి ఆ తీపిని దింపాలి. అది కుదరకపోతే బోరాక్సు మూడు పాళ్ళు, బోరిక్ ఆమ్లం రెండు పాళ్ళు కలిపిన ద్రావణంలో ఊరబెట్టాలి. అప్పుడు కూడా కణుపుల లోపలి అడ్డుపొరలను పొడవాటి ఊచతో పొడవకపోతే మందు లోపలికి దిగదు. ఇంత చేసినా వాన తగిలితే ఆ మందు కరిగి కొట్టుకుపోతుంది. కాబట్టి చూరు వెడల్పుగా ఉండాలి, వెదురు కాలు మట్టిని తాకకుండా రాతి దిమ్మె మీద నిలవాలి. నేను గీసిన చూరు అడుగున్నర. ఫొటోలో అంతే కనిపించింది మరి.

ఆ ఏడాదే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఐదు కాటేజీలలో మూడింటి కప్పులు జీడిచెట్ల మీద తేలాయి. తాత ఉండే చుట్టిల్లు మాత్రం కొంత తాటాకు పోగొట్టుకుని నిలిచింది. గుండ్రని మట్టిగోడ, నిటారుగా దిగిన కప్పు, వంగితే తప్ప లోపలికి పోలేనంత కిందికి వాలిన చూరు ఉన్న ఆ ఇంట్లో గాలికి పట్టు దొరికే చోటు తక్కువ. ఆ ఊళ్ళో వేరే పాకలు ఎగిరిపోలేదని నేను అనను. కానీ మూడు రోజులలో తాత, ఆయన భార్య కలిసి తమ కప్పును తామే నేసుకున్నారు. మా కప్పులు బాగుచేసే మేస్త్రి అస్సాం నుంచి రావడానికి నెలన్నర పట్టింది.

నిజానికి 'సహజ పదార్థాలు' అన్న మాటకే అతుక్కుపోవడం కూడా పొరపాటే. శ్రీలంకలో దంబుల్ల దగ్గర ఆ దేశపు వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపకల్పన చేసిన కందలామ హోటలు 1994లో తెరిచారు. అది పూర్తిగా కాంక్రీటు కట్టడం. అయినా సిగిరియా కొండ పాదాల దగ్గర చూపించిన స్థలాన్ని కాదని, ఆయన పాత చెరువు ఒడ్డున కొండవాలును ఎంచుకున్నారు. వాననీరు తన దారిన తాను కిందికి పారేలా భవనాన్ని స్తంభాల మీద నిలిపారు, దాని మీదికి అడవి తీగలను పాకనిచ్చారు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. సిమెంటుతో చెట్టు మొద్దులు పోసి, గోధుమరంగు వేసి, బెరడు గీతలు కూడా చెక్కి వాటికి 'ఎకో' అని పేరు పెడతారు. సున్నపురాయిని 1450 డిగ్రీల వేడిలో కాల్చి తయారుచేసిన సిమెంటును, పక్కనే చెట్టు ఉండగా, మళ్ళీ చెట్టులా పోయడం ఏమి ముచ్చటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇక తాటాకు కప్పు కింద ఏసీ బిగించడం సంగతి సరేసరి. చల్లగాలి ఆకు సందులలోంచి పోతుంది. పోకుండా కింద ప్లాస్టిక్కు సీలింగు కొడితే చెమ్మ పైన నిలిచి ఆకు బూజు పడుతుంది. రెండేళ్ళకు యజమాని ఆకునే తప్పుపట్టి రంగు రేకులు వేస్తాడు.

మీ కోనసీమ విషయానికి వస్తే, అక్కడ తవ్వగానే నీరు ఊరుతుంది, గోదావరి పొంగితే అది తోటలోకి వస్తుంది. కనుక వెదురైనా మట్టైనా ఎత్తయిన అరుగు మీదే నిలవాలి. ఉక్కపోత వాతావరణంలో గోడ మందం కన్నా గాలి వచ్చే దారి ముఖ్యం. తిరువనంతపురంలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఇటుకల మధ్య గాలి ఆడే సందులు వదిలి కట్టిన జాలీగోడలను వెళ్ళి చూసి రండి. అంతకన్నా ముందు మీ ఊళ్ళోనే మిగిలి ఉన్న మండువా లోగిళ్ళను చూడండి. పెంకు కప్పు, నడుమ ఆకాశం, చుట్టూ వసారా ఉన్న ఆ ఇంటిని మరమ్మతు చేయగల వడ్రంగులు మీ చుట్టుపక్కల ఇంకా ఉండవచ్చు. కొబ్బరాకు కప్పు తొందరగా చివికిపోతుంది, తాటాకు దానికన్నా కొన్నేళ్ళు ఎక్కువ నిలుస్తుంది. అయితే తాటిచెట్టు ఎక్కి ఆకు కొట్టేవాళ్ళ కూలిని కూడా మీ లెక్కల పుస్తకంలో ఇప్పుడే రాసుకోండి.

మా బంధువు కాటేజీలలో ఇప్పుడు రెండే మిగిలాయి. వాటికి తాటాకే వేయించారు, చూరు నాలుగడుగులకు దింపాం. తాతకు చూపు ఆనడం లేదు. ఆయన కొడుకు విశాఖపట్నంలో సెంట్రింగు పనికి వెళ్ళిపోయాడు. పోయిన వేసవిలో కప్పు విప్పి నేయవలసి వచ్చినప్పుడు అతడికి వారం రోజుల సెంట్రింగు కూలి, రానుపోను రైలు టిక్కెట్టు ఇచ్చి పిలిపించాం. అంచు ఎలా కట్టాలో అరుగు మీద కూర్చున్న తాత వేళ్ళతో తడిమి చెబుతుంటే, అతడు పైన కట్టాడు.