అచ్చుకు పోయే ముందు బడికి

ఈ నెల పాఠకుల ఉత్తరాలకు హనుమకొండలో ఉండే ఒక బాలల కథా రచయిత్రి జవాబులిస్తున్నారు. ప్రెస్సులకు ప్రూఫులు దిద్దడం ఆమె వృత్తి. కొత్త కథ చేతబట్టుకుని ఉత్తర తెలంగాణ బడులు తిరగడం ఆమె అలవాటు.

అక్కా, మీరు రోజూ రాస్తారా? ఇంటిపనితో మీకు టైం ఎట్లా దొరుకుతుంది?
– ఒక గృహిణి, జనగామ

రాసినా రాయకపోయినా రోజూ కూర్చుంటానమ్మా. పొద్దున వంట, పిల్లల బాక్సులు, మా అత్తమ్మకు మందులు అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. ఆ తర్వాత ప్రూఫులు. పెళ్లిపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు, కవితా సంకలనాలు, ఎవరో ఒక పెద్దాయన సంస్మరణ సంచిక, ఏదొస్తే అది. ఇంట్లోకి నా వంతు డబ్బు వచ్చేది ఈ పనితోనే. పిల్లల పుస్తకాల మీద వచ్చే రాయల్టీతో ఇల్లు గడవదు. రాయాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని చేతిలో ఇంకో పని పెట్టుకోవడం మంచిదని గట్టిగా చెప్తాను.

కథకు కూర్చునేది మధ్యాహ్నం, అత్తమ్మ కునుకు తీసే వేళ. ఆ కాసేపు నాదని ఇంట్లో అందరికీ చెప్పిపెట్టాను. మా ఆయనకు కాజీపేటలో రైల్వే ఉద్యోగం, షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఉన్న రోజు ఎవరు తలుపు కొట్టినా ఆయనే లేస్తారు.

పెద్ద నోట్‌బుక్కులో కుడివైపు పేజీలోనే రాస్తాను. ఎడమవైపు ఖాళీగా ఉంచుతాను. అది పిల్లలది. ఎందుకో కింది జవాబులో చెప్తాను. రాసింది ఆ రోజే పైకి చదువుకుంటాను, ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విరుస్తాను. ఏమీ తోచని రోజు శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్తాను. నిజాం కాలంలో, 1904లో, తెలుగు చదువు కోసం హనుమకొండలో పెట్టుకున్న గ్రంథాలయం అది. అక్కడ రాయను, చదువుతాను.

మేడం, మా ప్రాథమిక పాఠశాలకు ఒక రచయితను పిలవాలనుకుంటున్నాం. ఏం ఏర్పాట్లు చేయాలి? మీరైతే వచ్చి ఏం చేస్తారు? ప్రయాణ ఖర్చులెంత ఇవ్వాలి?
– ఉపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా

సార్, ముందుగా ఖర్చుల మాట. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. అంతకుముందు ఒక ఊరికి వెళ్లాలంటే రెండుసార్లు ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆలోచించేది బస్సు టైం గురించే. మధ్యాహ్నం బడిలో పిల్లలతో పాటు తింటాను. అంతకుమించి నాకేమీ వద్దు.

శాలువా, పూలదండ, స్టేజీ, మైకు ఇవేవీ వద్దు. స్టేజీ వేసిన బడిలో పిల్లలు గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుంటారు. వాళ్లకేం నచ్చిందో, ఎక్కడ విసుగొచ్చిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. వరండాలో ఒక చాప చాలు. బడి మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టకండి. మూడు, నాలుగు తరగతులు కలిపి ఒకసారి, ఐదో తరగతి ఒక్కటే ఇంకోసారి. టీచర్లు ఉండాలి, కానీ వెనక కూర్చోవాలి. ఎదురుగా ఉంటే పిల్లలు మీ ముఖం చూసి జవాబు చెప్తారు.

నేను తెచ్చేది అచ్చు పుస్తకం కాదు, ఇంకా అచ్చు కాని కథ. చదివేటప్పుడు ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను పిల్లల మీద ఉంటుంది. ఎక్కడ ఒకడు చాప పుల్ల పీకడం మొదలుపెట్టాడో, ఎక్కడ ఒక పాప నీళ్లు తాగొస్తానని లేచిందో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెడతాను. అయిపోయాక ‘బాగుందా?’ అని అడగను. అడిగితే అందరూ కలిసి ‘బాగుందీ’ అంటారు, దానివల్ల నాకు తెలిసేదేమీ లేదు. విన్నవాళ్లలోంచి ఒకరిని పిలిచి, ఈ కథ వినని తరగతికి వెళ్లి చెప్పమంటాను. నేను గుమ్మం దగ్గర నిలబడి వింటాను. ఆ పిల్లో పిల్లాడో వదిలేసిన ముక్కలు కథకు అక్కర్లేనివి. కొత్తగా కలిపిన ముక్కలన్నీ నోట్‌బుక్కులో ఎడమ పేజీకి ఎక్కుతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఎనుమాముల మార్కెట్‌లో తప్పిపోయిన మేకపిల్ల కథ ఒకటి రాశాను. మిరప సీజన్‌లో అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు, గేటు దగ్గరే ముక్కు మండుతుంది. ఎర్రటి బస్తాలు, హమాలీల కేకలు, కాంటాలు అన్నీ ఒక పేజీ నిండా వర్ణించాను. పర్వతగిరి వైపు ఒక బడిలో నాలుగో తరగతి పాప ఆ కథను ఐదో తరగతికి ఇట్లా చెప్పింది: “మిరపకాయల ఘాటుకు మేకపిల్లకు తుమ్ములే తుమ్ములు. ఆ తుమ్ములు ఇని తల్లిమేక ఉరికొచ్చింది.” నా కథలో తుమ్ములు లేవు. మేకపిల్లను ఒక హమాలీ ఎత్తుకెళ్లి తల్లి దగ్గర వదిలినట్టు రాసుకున్నాను. ఆ పాప చెప్పినదాంట్లో మేకపిల్ల తన తుమ్ములతో తానే తల్లిని రప్పించుకుంది. పేజీ వర్ణన తీసేశాను, తుమ్ములు ఉంచాను. ఇప్పుడు ఏ బడిలో చదివినా ఆ చోట పిల్లలందరూ తుమ్ముతారు.

అందుకే సార్, మీరు పిలిచే రచయిత ఎవరైనా సరే, ఉపన్యాసం కాకుండా రాసింది చదవమనండి. పిల్లలకు వినిపించకుండా పిల్లల కథను అచ్చుకు ఇవ్వకూడదని నేను పెట్టుకున్న నియమం. ఇది అందరు రచయితలూ పెట్టుకుంటే బాగుండునని నా కోరిక.

మీరు చేసిన ప్రయాణాల్లో మీ రాతను మార్చింది ఏది?
– డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల

ఉట్నూర్ ప్రయాణం తల్లీ. మీ జిల్లా మీదుగానే వెళ్లాను. కరీంనగర్‌లో బస్సు మారి, లక్షెట్టిపేట దాటి, జన్నారం దగ్గర అడవిలోకి ప్రవేశిస్తాం. అదంతా 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్. మాఘమాసం, టేకు ఆకులు రాలి రోడ్డంతా పరుచుకున్నాయి. బస్సులో పక్క సీటు అవ్వ నా ఒళ్లో తన మనవడిని కూర్చోబెట్టి ఇంద్రవెల్లి సంగతులన్నీ చెప్పింది.

నేను వెళ్లింది ఒక ఆశ్రమ పాఠశాలకు. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో గోండి మాట్లాడతారు, కొందరిది కొలామీ. తెలుగు వాళ్లకు బడిలో వచ్చిన భాష. నేను చదువుతున్నాను, చిన్న తరగతుల పిల్లలు మర్యాదగా చూస్తున్నారు, అంతే. ఐదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, ఎవరినీ అడగకుండా నా పక్కకొచ్చి నిలబడింది. నేను ఒక పేరా చదవగానే గోండిలో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పేది నేను చదివినదానికంటే పొడుగ్గా ఉంది. నేను నవ్వొస్తుందని ఊహించని చోట పిల్లలు పడీపడీ నవ్వారు. నేను చదవడం ఆపితే ఆమె ‘ఊఁ, చదవండి’ అంది. ఆ రోజు కథ ఆమెది.

అప్పటి నుంచి ఒక పేజీలో ఒకే సంగతి జరిగేలా రాస్తున్నాను. పక్కన నిలబడి ఇంకో భాషలో చెప్పే పిల్లకు ఆగడానికి చోటు ఉండాలి కదా. వాక్యాలు వాటంతటవే చిన్నవయ్యాయి. వరంగల్‌లో చదివినా అవే వాక్యాలు బాగా వినిపిస్తున్నాయి.

ఆ పిల్లల్లో మెస్రం వంశం వాళ్లు కూడా ఉన్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు, జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తేవడానికి వాళ్ల పెద్దలు కాలినడకన వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో పూజ. ఆ నడక గురించి ఒక పిల్లాడు తాత చెప్పిన సంగతులు గంటసేపు చెప్పాడు. రాయమని మిత్రులు చాలామంది అన్నారు. నేను రాయను. అది ఆ పిల్లాడు రాయాల్సిన కథ, వాడికి ఒక నోట్‌బుక్కు ఇచ్చి వచ్చాను. నార్నూర్ దగ్గరి గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో కూడా చేరింది. అంటే కంప్యూటర్‌లో ఆ అక్షరాలతో పిల్లల పుస్తకం వేయడానికి దారి ఉంది. ఆ పుస్తకానికి ప్రూఫుల దగ్గర కూర్చుని సాయం చేసే అవకాశం వస్తే, మిగతా పనులన్నీ పక్కన పెడతాను.

ఆంటీ, రామప్ప గుడి ఇటుకలు నీళ్ల మీద తేలుతాయని మీ కథలో చదివాను. నిజమా, కల్పించారా? నాకూ కథ రాయాలని ఉంది.
– ఏడో తరగతి విద్యార్థి, హుజూరాబాద్

నిజమే బిడ్డా. గుడి మొత్తం ఆ ఇటుకలతో కట్టలేదు. కింద గోడలు, స్తంభాలు రాయి. పైన గర్భగుడి మీది శిఖరానికి మాత్రం ఆ తేలిక ఇటుకలు వాడారు. లోపల సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి అవి నీటికంటే తేలిక. బరువు తగ్గితే కింద రాళ్ల మీద భారం తగ్గుతుంది కదా. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద కట్టారు, భూమి కదిలినా ఆ ఇసుక కుదుపును కొంత తీసుకుంటుంది. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నీ కథకు ఒక దారి చెప్తాను. రాజుతో, సేనానితో మొదలుపెట్టకు. ఆ ఇటుకను మొదటిసారి నీళ్లలో వేసి చూసింది ఎవరు? ఆ పక్కన నీ ఈడు పిల్ల ఒకతి ఉంటే ఏమనేది? అక్కణ్నుంచి రాయి. రాశాక మీ చెల్లికో తమ్ముడికో చదివి వినిపించు, ఎక్కడ లేచిపోతారో చూసుకో. వీలైతే మీ వాళ్లతో ములుగు మీదుగా పాలంపేటకు వెళ్లి ఆ శిఖరాన్ని చుట్టూ తిరిగి చూడు.

పిల్లల కోసం బొమ్మల కథ రాశాను. ఎన్ని పేజీలుండాలి? బొమ్మలు వేసేవారికి ఏం చెప్పాలి?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

ప్రెస్సులో పుస్తకం ఫారాల లెక్కన నడుస్తుంది. ఒక ఫారం అంటే సాధారణంగా 16 పేజీలు. అందుకే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో వస్తాయి. 24 అంటే ఒకటిన్నర ఫారం. మీ కథ 19 పేజీలకు వస్తే, పెంచడమో తగ్గించడమో చేయాలి, తగ్గించడమే మంచిది. నాలుగైదు తెల్లకాగితాలు మడిచి కుట్టి, చిన్న పుస్తకంలా చేసి, ఏ పేజీలో ఏ వాక్యమో పెన్సిల్‌తో రాసుకోండి. పేజీ తిప్పితేగానీ తెలియని సంగతులు ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పుడు కనబడుతుంది.

బొమ్మలు వేసేవారికి ఎక్కువ చెప్పకండి. బొమ్మలో కనిపించేది వాక్యంలో ఉండక్కర్లేదు. నాకు ఇది చేర్యాలలో బాగా తెలిసింది. సిద్దిపేట జిల్లాలోని ఆ ఊరి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరుస బొమ్మలుగా కథను గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని విప్పుకుంటూ, బొమ్మను చూపిస్తూ కులపురాణం చెప్పేవారు. రాత్రంతా వినే జనానికి ఆభరణాలు, గుర్రాలు, పొలాలు అన్నీ బొమ్మలోనే కనబడేవి. చెప్పేవాళ్లు మనుషులు ఏమన్నారో, తర్వాత ఏం జరిగిందో అది చెప్పేవారు. బొమ్మల పుస్తకం రాసే ప్రతివాళ్లూ ఒకసారి ఆ పటం ముందు కూర్చోవాలని నా మనవి.

మా సంఘం తరఫున పల్లె బడులకు పుస్తకాలు పంపుతాం. కొరియర్ ఖర్చు భరించలేకపోతున్నాం.
– విశ్రాంత ఉద్యోగి, నిజామాబాద్

పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అడగండి, పుస్తకాలు తక్కువ ధరకు పంపే పద్ధతి అది. 2025 మే 1న మొదలుపెట్టారు. మొదలైనప్పుడు పెట్టిన ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల కట్టకు 100, పన్ను అదనం. వ్యాపార ప్రకటనలున్నవి తీసుకోరు. రోడ్డు, రైలు మార్గాన వెళ్తాయి కాబట్టి ఆలస్యమవుతుంది. బడులు తెరిచే రోజుకు చేరాలంటే మే నెలలోనే పంపండి.

మా బాబుకు ఎనిమిదేళ్లు. ఫోన్ వదలడు, కథల పుస్తకం ఇస్తే రెండు పేజీలు తిప్పి పడేస్తాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కామారెడ్డి

వాడిని చదవమనకండి తల్లీ, కొన్నాళ్లు మీరే చదివి వినిపించండి. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు చాలు. పుస్తకంలో ఉన్న వాక్యం మీ నోటికి పట్టకపోతే మీ ఇంట్లో మాట్లాడుకునే తీరులోకి మార్చి చెప్పండి, ఏ రచయితా కోపగించుకోరు. మంచి రసపట్టులో ఉండగా పుస్తకం మూసి పడుకోబెట్టండి. తర్వాత ఏమవుతుందో చెప్పమని వాడు గొడవ చేస్తే చేయనివ్వండి.

కథ అయ్యాక ‘ఇందులో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగకండి. ఈ ఒక్క ప్రశ్న వల్ల కథలంటే పరీక్షలా భయపడే పిల్లల్ని చాలా బడుల్లో చూశాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ‘నువ్వయితే ఏం చేసేవాడివి?’ అనండి. వాడు కథను ఎటు తిప్పినా వినండి.

వీలున్న ఆదివారం దగ్గర్లోని గ్రంథాలయానికి తీసుకెళ్లి, పుస్తకం వాడినే ఎంచుకోనివ్వండి. వాడు తీసింది వాడికంటే చిన్నపిల్లల పుస్తకమైనా, అన్నీ బొమ్మలే ఉన్నా, లేదా పోయిన వారం తెచ్చుకున్నదే మళ్లీ తీసినా, అదే ఇంటికి తెచ్చుకోండి.