కష్టాలు మనిషిని మారుస్తాయా, లేక లోపల ఉన్నదాన్నే బయటపెడతాయా?

మారుస్తాయి. కానీ కష్టం ఒక్కటే ఆ పని చేయదు. ఆ సమయంలో మన పక్కన ఎవరున్నారు, ఆ అనుభవం నుంచి మనం ఏం తీసుకున్నాం అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమే చూడండి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దన్నారు, పుట్టింటివాళ్లు ఆమె పక్షానే నిలబడ్డారు. ఆ రోజుల్లో అది మామూలు అండ కాదు. కష్టాల్లో ఉన్నవాళ్లతో "దీనివల్ల గట్టిపడతావులే" అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి ఖైదు ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. కానీ అక్కడే హత్య కేసుల్లో శిక్షపడిన ఆడవాళ్లను దగ్గరగా చూశారు. చదువు లేక, తమ మీద ఉన్న కేసేమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో కూడా తెలియనివాళ్లు. తను లాయర్ కావాలన్న పట్టుదల అక్కడ మొదలైంది. బయటికొచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టి, బెనారస్ మెట్రిక్ (బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పెట్టే, పదో తరగతి స్థాయి పరీక్ష) నుంచి మద్రాసులో లా డిగ్రీ దాకా వెళ్లారు. తర్వాత రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ కూడా ఆమె పెట్టిందే. అక్కడ తొలినాళ్లలో చేసిన పని, ఆడపిల్లలను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించడం.